బీపీ చిన్న రక్తనాళాలను ఏం చేసిందో తెలియాలంటే కంటి పరీక్షా, మూత్ర పరీక్షా: ఏది మేలు?

మా నాన్నకు పదేళ్ళుగా బీపీ. ప్రతి నెలా చూపించి, అంకె ఓ నోట్‌బుక్కులో రాసి పెట్టుకుంటాం. అద్దాలు మార్పించుకుందామని వెళ్ళిన రోజు కంటి డాక్టరు గారు రెటీనా (కంటి లోపలి తెర) చూసి "బీపీ ఎన్నేళ్ళ నుంచండీ?" అని అడిగారు. ఆ నోట్‌బుక్కులో ఆ పూట ఒత్తిడి ఎంతో ఉంటుంది గానీ, ఇన్నేళ్ళ ఒత్తిడికి లోపలి నాళాలు ఏమయ్యాయో ఉండదని అప్పుడు తట్టింది మాకు.

బీపీ దెబ్బ ఎక్కువగా తినేవి సన్నటి ధమనులు, రమారమి వెంట్రుక మందం నుంచి దానికి రెండు మూడు రెట్ల దాకా ఉండేవి. ఒత్తిడి ఎక్కువగా ఉంటే వాటి గోడలోని కండరం బిగుసుకుంటుంది. అలా నెలలు, ఏళ్ళు గడిస్తే గోడ ఆ బిగుసుకున్న కొలతకే సర్దుకుపోతుంది. చాలామందిలో గోడకు కొత్తగా కండ పెద్దగా చేరదు, ఉన్న కండే చిన్న రంధ్రం చుట్టూ దగ్గరగా పేరుకుంటుంది. బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళలో, షుగర్ కూడా ఉన్నవాళ్ళలో గోడ నిజంగానే మందమెక్కుతుంది. నాళం వ్యాసార్థం 10 శాతం తగ్గితే చాలు, రక్తప్రవాహానికి అడ్డంకి దాదాపు 50 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వ్యాసార్థం తగ్గేకొద్దీ అడ్డంకి దాని నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. ఒత్తిడికి నాళం సన్నబడుతుంది, నాళం సన్నబడేసరికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వీటి చివర ఉండే కేశనాళికలు (అన్నిటికన్నా సన్నటి నాళాలు) కొన్ని మూసుకుపోయి, కొన్నాళ్ళకు లేకుండానే పోతాయి.

ఇప్పుడు కన్ను. ఒంట్లో ఎక్కడా కోయకుండా ఈ చిన్న నాళాలను నేరుగా చూడగలిగేది రెటీనాలోనే. ధమనులు సన్నబడటం, గట్టిపడిన ధమని కింద సిర నొక్కుకుపోవడం, ఇంకా ముదిరితే నెత్తుటి మరకలు, దూదిపింజల్లాంటి తెల్లటి మచ్చలు, చివరికి కంటినరం మొదట్లో వాపు, అన్నీ కనపడతాయి. 1939లో కీత్, వాగెనర్, బార్కర్ అనే డాక్టర్లు వీటిని నాలుగు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టులో ఉన్నవాళ్ళలో మూడేళ్ళ తర్వాత 70 శాతం మంది బతికుంటే, నాలుగో మెట్టువాళ్ళలో 6 శాతమే మిగిలారు. బీపీకి సరైన మందుల్లేని రోజులవి, ఇప్పుడు అంత భయపడక్కర్లేదు. ఈ పరీక్షలో చిక్కు తొలిదశలోనే ఉంది: కాస్త సన్నబడిందా లేదా అన్నదాంట్లో ఇద్దరు డాక్టర్లు ఒకే కంటికి రెండు మాటలు చెప్పొచ్చు, పైగా వయసుతోనూ ధమనులు కొంత సన్నబడతాయి.

మూత్ర పరీక్షలో నాళం కనపడదు, దాని లీకు కనపడుతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల జల్లెడలు, ఒక్కో జల్లెడా ఓ కేశనాళికల చుట్ట. అవి దెబ్బతింటే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు (కండరాల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థం) ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలే, 30 నుంచి 300 దాకా హెచ్చరిక, 300 దాటితే ముదిరినట్టు. మామూలు యూరిన్ పట్టీ పరీక్షలో "నిల్" అని వచ్చినా ఈ మధ్య దశ అందులో తప్పిపోవచ్చు, అందుకే ల్యాబులో "ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో" అని పేరు పెట్టి అడగాలి. పొద్దున తొలి మూత్రమైతే మేలు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, ముందురోజు గట్టి వ్యాయామం, ఇవన్నీ అంకెను పెంచేస్తాయి కాబట్టి ఒక్కసారి ఎక్కువొచ్చిందని కంగారుపడొద్దు, మూడు నుంచి ఆరు నెలల్లో మూడు సార్లు చేస్తే రెండు సార్లు ఎక్కువ వస్తేనే లెక్క.

నన్నడిగితే బీపీ ఉన్న ప్రతివాళ్ళకూ మొదట మూత్ర పరీక్షే. చేతికి ఒక అంకె వస్తుంది, ఏడాదికోసారి పోల్చుకోవచ్చు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వేసుకుంటే ఆ అంకె దిగుతుందా లేదా అన్నదీ తెలుస్తుంది (గర్భిణులకు ఈ మందులు పనికిరావు). తొలిదశ కంటి మార్పులకు ఆ సౌలభ్యం లేదు, ఒకసారి గట్టిపడిన ధమని బీపీ అదుపులోకి వచ్చినా అలాగే కనపడొచ్చు.

కానీ షుగర్ ఉంటే రెండూ చేయించాల్సిందే, ఇందులో బేరం లేదు. బీపీ 160/100 పైన ఉన్నవాళ్ళూ కన్ను చూపించుకోవాలి. ఇక 180/120 దాటి, చూపు మసకబారి, తలనొప్పి గట్టిగా ఉంటే ల్యాబు రిపోర్టు కోసం కూర్చోవద్దు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ కంటినరం వాపు కనపడితే ఎంత వేగంగా వైద్యం మొదలుపెట్టాలో ఆ ఒక్క చూపుతోనే తెలుస్తుంది.

నాన్నకు రెండూ చేయించాం. కంటిలో మొదటి మెట్టు మార్పులే అన్నారు, ఆల్బుమిన్ మాత్రం 30 పైన వచ్చింది, రెండోసారీ అంతే. మందు మార్చారు, ఇంకో మూడు నెలలకు మళ్ళీ చూడాలి. కంటి పరీక్షకు వెళ్ళేవాళ్ళు తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపలేరు.