గ్లాక్ 19లో ట్రిగ్గర్ కిట్: రెండున్నరేళ్లు వాడాక

ఈ సమీక్ష నా గ్లాక్ 19 పిస్టల్‌లో ట్రిగ్గర్‌ని తేలిక చేసే కిట్ వేసిన మొదటి నెలలో రాసుంటే అయిదుకి అయిదు ఇచ్చేవాణ్ని. అప్పుడు కలిసిన ప్రతివాడికీ చెప్పాను కూడా. రెండున్నరేళ్లు, నాలుగు వేల పైచిలుకు రౌండ్లు (తూటాలు) అయ్యాక నా మనసులో గట్టిగా మిగిలింది ఒక్కటే: ఆ కిట్‌లో ఇచ్చిన బలం తక్కువ స్ట్రైకర్ స్ప్రింగ్ (తూటాని వెనక నుంచి కొట్టే సూదిని ముందుకి నెట్టే స్ప్రింగ్) మీద కోపం.

నేనుండేది డాలస్ దగ్గర. నెలకోసారి క్లబ్ మ్యాచ్, మధ్యలో రెండుసార్లు రేంజ్. పిస్టల్ మూడో జనరేషన్ గ్లాక్ 19. కంపెనీ లెక్కలో ట్రిగ్గర్ బరువు, అంటే అది నొక్కడానికి పట్టే బలం, అయిదున్నర పౌండ్లు. నాది గేజ్ పెట్టి లాగితే ఆరు దగ్గర చూపించేది. నా వేళ్లు పొట్టి. వంద రౌండ్లు దాటేసరికి చూపుడువేలు అలిసిపోయి, గుండ్లన్నీ ఎడమవైపు కిందికి పోయేవి. అందుకే కిట్ తెప్పించాను. కనెక్టర్ (ట్రిగ్గర్ నొక్కితే స్ట్రైకర్‌ని వదిలించే చిన్న రేకు), ట్రిగ్గర్ స్ప్రింగ్, స్ట్రైకర్ స్ప్రింగ్, మూడూ కలిపి ముప్పై డాలర్ల లోపే.

గ్లాక్‌లో ఒక తమాషా ఉంది. ట్రిగ్గర్ స్ప్రింగ్ గట్టిదైతే ట్రిగ్గర్ తేలికవుతుంది, ఎందుకంటే అది మన వేలికి సాయంగా లాగుతుంది. ఎదురు నిలిచేది స్ట్రైకర్ స్ప్రింగ్. మనం ట్రిగ్గర్ నొక్కేటప్పుడు దాన్ని పూర్తిగా కుదిస్తున్నామన్నమాట. దాని బలం తగ్గిస్తే వేలికి హాయి. కానీ తూటా వెనక ప్రైమర్‌ని (దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న మూతని) కొట్టాల్సిందీ ఆ స్ప్రింగే. ఈ రెండో వాక్యం ప్యాకెట్ మీద ఎక్కడా లేదు.

బిగించడం కష్టం కాదు. మూడు పిన్నులు, ఒక సన్న పంచ్, అంతే. అయితే స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) తీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిన పిస్టల్ ఇది. కాబట్టి మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ లాగి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి చూశాకే మొదలుపెడతాను. తూటాలు పక్క గదిలో ఉంటాయి. స్ట్రైకర్ మీద స్ప్రింగ్‌ని పట్టుకునే రెండు ప్లాస్టిక్ కప్పులు కందిబద్దల్లా ఉంటాయి. ఒకటి ఎగిరి కార్పెట్లో పడితే పావుగంట వెతికాను.

ఆ తర్వాత గేజ్ నాలుగుంపావు చూపించింది. మొదటి వెయ్యి రౌండ్లు పండగే. ఎడమకి పోయే గుండ్లు మధ్యలోకి వచ్చాయి, నా మ్యాచ్ టైమ్ తగ్గింది.

తర్వాత నేను మామూలుగా కొనే తూటాలు దొరకక వేరే రకం పెట్టె కొన్నాను. అదే శనివారం మ్యాచ్‌లో మూడో స్టేజ్ (అంచె). రెండో మ్యాగజైన్‌లో నాలుగో రౌండ్‌కి ట్రిగ్గర్ నొక్కితే "టిక్" అంది. శబ్దం అంతే. మ్యాగజైన్ కింద తట్టి, స్లైడ్ లాగి, ఆ రౌండ్ బయటికి విసిరేసి మళ్లీ కాల్చాను. రెండు టార్గెట్ల తర్వాత మళ్లీ టిక్. చేతులు చల్లబడిపోయాయి. "అన్‌లోడ్ అండ్ షో క్లియర్" (తూటాలు తీసేసి, ఖాళీగా ఉందని చూపించు) అని రేంజ్ ఆఫీసర్ అనేసరికి నాకు సిగ్గు కంటే భయం ఎక్కువగా ఉంది. ఇదే పిస్టల్ రాత్రి మా పడకగది లాకర్‌లో ఉంటుంది మరి.

నేలమీద పడిన రౌండ్ తీసి చూశాను. గ్లాక్ కాల్చిన ప్రైమర్ మీద పొడుగాటి లోతైన గాటు ఉంటుంది, పక్కన స్ట్రైకర్ రంధ్రం రాసిన గీత కూడా. దీని మీద ఉన్నది గోటితో నొక్కినంత గుంట. దెబ్బ తగిలింది, చాల్లేదు.

మొదట తప్పు నాదే అనుకున్నాను. స్ట్రైకర్ తిరిగే గొట్టంలో నూనె వేయకూడదు, వేస్తే మసి పట్టి దెబ్బ మెత్తబడుతుంది. విప్పి ఇయర్‌బడ్‌తో తుడిచాను. పొడిగా, శుభ్రంగా ఉంది. నాతో మ్యాచ్‌లకి వచ్చే తమ్ముడొకడు, గుంటూరు వాడు, "అన్నా, తూటాలే చెడ్డవేమో, నా దాంట్లో కాల్చి చూద్దాం" అన్నాడు. వాడిది అదే మోడల్, లోపల ఏదీ మార్చలేదు. ఒకసారి దెబ్బ తిన్న రౌండ్ రెండో దెబ్బకి ఎలాగూ పేలొచ్చు కాబట్టి వాటిని పక్కన పెట్టి, కొత్త పెట్టెలోంచి చెరి యాభై తీసుకున్నాం. వాడి పిస్టల్‌లో యాభైకి యాభై పేలాయి. నాదాంట్లో మూడు పేలలేదు.

అక్కడే రేంజ్ బల్ల మీద, జిప్ కవర్లో దాచుకున్న పాత స్ట్రైకర్ స్ప్రింగ్ ఒక్కటే తిరిగి వేశాను. ఇంకే భాగమూ ముట్టుకోలేదు. అదే పెట్టెలోంచి మరో యాభై. ఒక్కటీ ఆగలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రెండు పౌండ్ల కోసం పిస్టల్ అసలు పనికే ఎసరు పెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది. మొదటి వెయ్యి రౌండ్లు బాగా పేలింది కిట్ గొప్పతనం వల్ల కాదు, ఆ తూటాల ప్రైమర్లు మెత్తనివి కావడం వల్ల.

ఇంకోటి కూడా బయటపడింది. పాత స్ప్రింగ్ వేశాక ఇంట్లో రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని తిరిగి ముందుకి నెట్టే స్ప్రింగ్) పరీక్ష చేశాను. ఖాళీ పిస్టల్ గొట్టం పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, స్లైడ్ పూర్తిగా లాగి మెల్లగా వదలాలి. దానంతటది పూర్తిగా మూసుకోవాలి. నాది వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. స్లైడ్ మూసుకునేటప్పుడు స్ట్రైకర్ స్ప్రింగ్ దానికి ఎదురు లాగుతుంది. ఆ స్ప్రింగ్ బలహీనంగా ఉన్నన్నాళ్లూ, రికాయిల్ స్ప్రింగ్ అరిగిపోయిన సంగతి నాకు తెలియలేదు. కొత్తది వేస్తే ఠక్కున మూసుకుంది. ఇప్పుడు మూడు వేల రౌండ్లకోసారి మారుస్తున్నాను.

కనెక్టర్, ట్రిగ్గర్ స్ప్రింగ్ మాత్రం ఇంకా లోపలే ఉన్నాయి. గేజ్ ఇప్పుడు అయిదు చూపిస్తుంది. కనెక్టర్ గురించి నేను మొదట్లో చెప్పినంత గొప్ప ఏమీ లేదు. బరువు తగ్గింది గానీ, ట్రిగ్గర్ తెగే చోటు, అంటే స్ట్రైకర్ విడుదలయ్యే క్షణం, ఒరిజినల్‌లో తెలిసినంత స్పష్టంగా వేలికి తెలియదు, కాస్త మెత్తగా జారుతుంది. గుండ్లు మధ్యలోకి రావడంలో కూడా సగం పాత్ర రెండున్నరేళ్ల ప్రాక్టీసుది అయ్యుంటుంది.

నాలా వేలు పొట్టిదై, నెలకి వంద, నూటయాభై రౌండ్లు కాలుస్తూ, మ్యాచ్‌లకి వెళ్లేవాళ్లకి ఆ రెండు భాగాలూ పనికొస్తాయేమో చూడొచ్చు. తమ తూటాలు తామే తయారుచేసుకుంటూ, ఎప్పుడూ మెత్తటి ప్రైమర్లే వాడేవాళ్లకి స్ట్రైకర్ స్ప్రింగ్ కూడా నడవొచ్చు, వాళ్ల లెక్క వేరు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, లాకర్‌లో ఉండే పిస్టల్ ఇదొక్కటే. అందుకే ఆ గుంటూరు తమ్ముడు "నాకూ ఒక కిట్ ఆర్డర్ పెట్టనా అన్నా?" అంటే, కనెక్టర్ ఒక్కటే విడిగా తెప్పించుకోమన్నాను. అది వేశాక కూడా రోజూ వాడే తూటాలతో అయిదొందల రౌండ్లు కాల్చి చూశాకే లాకర్‌లో పెట్టమన్నాను.