ఆక్మీ ఎడిటర్ వాడేవాళ్లు మౌస్ కొనేముందు జాగ్రత్త

కొత్త మౌస్ కోసం చూస్తున్న ఆక్మీ వాడకందారులు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. "3 బటన్లు" అని రాసి ఉంది కదా అని నేను కొన్న వైర్‌లెస్ మౌస్ వల్ల పోయిన నెల రెండు రోజుల పని పోయింది.

ఆక్మీ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో రాబ్ పైక్ రాసిన టెక్స్ట్ ఎడిటర్ ఇది, దీని మీద ఆయన పేపర్ 1994లో వచ్చింది. ఇందులో ఎడమ బటన్‌తో సెలెక్ట్ చేసి, వేలు తీయకుండానే మధ్య బటన్ నొక్కితే కట్, కుడిది నొక్కితే పేస్ట్. అదే వేలు తీసేశాక నొక్కితే అర్థమే మారిపోతుంది. సెలెక్ట్ చేసిన టెక్స్ట్ మీద మధ్య బటన్ ఒక్కటే నొక్కితే అది కమాండ్‌గా రన్ అవుతుంది.

నాకు జరిగింది అదే. నోట్స్ ఫైల్లో "ఆర్ఎం -ఆర్"తో (ఫోల్డర్లను లోపలున్న ఫైళ్లతో సహా తుడిచేసే కమాండ్) మొదలయ్యే పాత లైన్ ఒకటి ఉంటే, తీసేద్దామని సెలెక్ట్ చేసి, వేలు తీయకుండానే చక్రం (అదే మధ్య బటన్) నొక్కాను. కట్ కాలేదు, రన్ అయింది. ఆక్మీ కమాండ్‌ను ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్లోనే నడుపుతుంది కాబట్టి పక్కనే ఉన్న టెస్ట్ డేటా అంతా పోయింది. గిట్‌లో (ఫైళ్ల పాత వెర్షన్లు దాచే ప్రోగ్రామ్) కమిట్ చేసినంత మేరకు తిరిగొచ్చింది, మిగతాది రాలేదు.

పేస్ట్‌దీ ఇదే కథ. సెలెక్ట్ చేసిన మాట మీద కుడి బటన్ ఒక్కటే నొక్కితే అది ప్లంబర్ అనే ప్రోగ్రామ్‌కి మెసేజ్‌గా వెళ్లిపోతుంది. ప్లంబర్ తన రూల్స్ ఫైల్ చూసుకుని వెబ్ అడ్రస్ అయితే బ్రౌజర్‌కి, "మెయిన్.సి:27" లాంటిదైతే 27వ లైన్ దగ్గర తెరవమని ఎడిటర్‌కి పంపుతుంది. ఒక పాస్‌వర్డ్ రీసెట్ లింక్ మీద వేరేది పేస్ట్ చేయబోతే అది బ్రౌజర్లో తెరుచుకుంది. ఒక్కసారే పనిచేసే లింక్, అక్కడితో చెల్లిపోయింది. ఇందులో ప్లంబర్ తప్పేమీ లేదు.

మొదట మౌస్‌ని అనుమానించలేదు. లినక్స్‌లో ఎడమ, కుడి కలిపి నొక్కితే మధ్య బటన్‌గా తీసుకునే సెట్టింగ్ ఉంటుంది, అదేమో అనుకుని ఆపేశాను. మార్పు లేదు. అప్పుడు మౌస్ నుంచి వచ్చే ప్రతి సిగ్నల్‌నూ చూపించే ఎక్స్ఈవీ ప్రోగ్రామ్ తెరిచి చూశాను: బటన్ 1 ప్రెస్, బటన్ 1 రిలీజ్, బటన్ 2 ప్రెస్. నా వేలేమో ఇంకా ఎడమ బటన్‌ని నొక్కే ఉంది! అంటే రెండో బటన్ నొక్కగానే మొదటిది వదిలేసినట్టు మౌసే చెబుతోంది. అదే కంప్యూటర్‌కి పాత వైర్ మౌస్ పెడితే రెండు ప్రెస్‌లూ వరసగా వచ్చాయి, మధ్యలో రిలీజ్ లేదు.

అమ్మినవాళ్లది 10 రోజుల రీప్లేస్‌మెంట్ పాలసీ, రిఫండ్ లేదు. చెక్ చేయడానికి వచ్చిన అబ్బాయి బటన్లు ఒక్కొక్కటే నొక్కి, "అన్నీ పనిచేస్తున్నాయి కదా సార్" అన్నాడు. రెండూ కలిపి నొక్కి చూడమని బతిమాలాను. "అలా ఎవరు వాడతారు సార్" అని రిక్వెస్ట్ క్లోజ్ చేసి వెళ్లిపోయాడు. 1,899 రూపాయలు పోయినట్టే.

పైభాగమంతా ఒకే పలకలా ఉండే మౌస్‌ల జోలికి అసలు పోకండి. చక్రం వెనకుండే, కర్సర్ వేగం మార్చే స్పీడ్ బటన్‌ని లెక్కలో కలిపి "3 బటన్లు" అన్నారేమో కూడా చూసుకోండి. మౌస్ చేతికొచ్చిన రోజే, అట్టపెట్టె పారేయకముందే, ఖాళీ ఫైల్లో "డేట్" కమాండ్ టైప్ చేసి, సెలెక్ట్ చేసి, వేలు తీయకుండా మధ్య బటన్ నొక్కండి, వీడియో కూడా తీసుకోండి. ఆ మాట మాయమైతే మౌస్ మంచిదే. ఎర్రర్స్ విండోలో తేదీ, టైమ్ కనిపిస్తే మాత్రం ఆ రోజే రిటర్న్ పెట్టేయండి.