వెనుక రాడార్ దీపంతో నాలుగేళ్లు: హారన్ కన్నా ముందు దొరికే ఆ కొన్ని సెకన్లు

ఈ దీపాన్ని నేను కొన్నది గుద్దుతారన్న భయంతో కాదు, హారన్ భయంతో. రోజూ సైకిల్ మీద పనికి వెళ్లేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మన ధ్యాసలో మనం తొక్కుకుంటూ పోతుంటాం. సరిగ్గా వెనుక చక్రం దగ్గర లారీ హారన్ ఒకటి చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. గుండె గుభేలుమంటుంది, భుజాలు బిగుసుకుంటాయి, హ్యాండిల్ ఒక జానెడు పక్కకు కదులుతుంది. ఆ జానెడు అంచువైపు కదిలితే కంకరలో పడతాం. ఇటువైపు కదిలితే చక్రాల కిందికి పోతాం. హారన్ కొట్టిన మనిషి మాత్రం హెచ్చరించాను కదా అనుకుంటూ వెళ్లిపోతాడు.

అలాంటి ఉదయాల్లో ఆఫీసు చేరిన అరగంటకు కూడా నా చేతుల వణుకు తగ్గేది కాదు. అందుకే కొన్నాను. పోను 11 కిలోమీటర్లు, రాను 11. వాన గట్టిగా కురిసే రోజులు తప్ప నాలుగేళ్లుగా ఇది నాతోనే ఉంది. బరువు, వెలుగు, బ్యాటరీ లాంటి వివరాలు పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇందులోని చుక్క గురించి.

సీటు కింద బిగించే ఎర్ర దీపంలోనే రాడార్ ఉంటుంది. హ్యాండిల్ మీది చిన్న తెర అంచున ఒక నిలువు పట్టీ కనిపిస్తుంది. వెనుక నుంచి వాహనం వస్తుంటే ఆ పట్టీ అడుగున ఒక చుక్క పుట్టి, దగ్గరయ్యేకొద్దీ పైకి పాకుతుంది. వాహనం మామూలుగా వస్తుంటే పట్టీ పసుపు, దూసుకొస్తుంటే ఎరుపు, ఎవరూ రాకపోతే ఆకుపచ్చ. కంటికి కనిపించేది ఇంతే. దీని వెనుక ఉన్న లెక్క మాత్రం నన్ను మొదటి వారంలోనే కట్టిపడేసింది. నా దీపం 140 మీటర్ల దూరం నుంచే వాహనాన్ని పసిగడుతుంది. నేను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే వెనుక కారు 50తో వస్తోందనుకుందాం. మా మధ్య దూరం గంటకు 30 కిలోమీటర్ల చొప్పున, అంటే సెకనుకు 8 మీటర్ల పైచిలుకు తరుగుతుంది. ఆ లెక్కన కారు నన్ను చేరడానికి దాదాపు 17 సెకన్లు పడుతుంది. మలుపులూ చెట్లూ అడ్డొచ్చి అందులో సగం పోయినా ఎనిమిది సెకన్లు మిగులుతాయి. అంతకుముందు నాకు దొరికింది సున్నా.

ఆ ఎనిమిది సెకన్లతో ఏం చేయాలో నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మొదట్లో పట్టీ ఎర్రబడగానే రోడ్డు అంచుకు ఒదిగిపోయేదాన్ని. అదే మర్యాద, అదే క్షేమం అనుకునేదాన్ని. కానీ మనం ఎంత ఒదిగితే అంత సందు దొరికిందనుకుని, ఎదురుగా బస్సు వస్తున్నా సరే, స్టీరింగు ఇసుమంతైనా తిప్పకుండా మోచేతిని రాసుకుంటూ దూరేవాళ్లే ఎక్కువ. గుంతలూ ఇసుకా నా వంతు, మిగిలిన వెడల్పంతా వాళ్ల వంతు. చాలా దేశాల్లో సైకిల్ శిక్షణలో చెప్పేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. పక్కనుంచి భద్రంగా దాటేంత వెడల్పు లేనిచోట సైకిల్ తొక్కేవారు లేన్ మధ్యలోకి రావాలి, అప్పుడు వెనుక వాహనం ఆగి, ఎదుటివైపు ఖాళీ అయ్యాకే దాటుతుంది. బ్రిటన్ రోడ్డు నియమావళికి 2022లో చేసిన మార్పుల్లో సైకిల్ తొక్కేవారు ఏయే చోట్ల లేన్ మధ్యలో వెళ్లవచ్చో రాశారు. గంటకు 30 మైళ్ల వరకు వేగంతో దాటేవారు సైకిల్‌కు కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలన్న మాటా అందులోనే చేరింది. జర్మనీలో 2020 నుంచి ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు. మన కొలతలో చెప్పాలంటే అటూ ఇటూగా ఒక బారెడు. నన్ను దాటేవారిలో చాలామంది వదిలేది మూరెడు, ఒక్కోసారి బెత్తెడు.

ఈ మాటలు చదవడం తేలిక. వెనుక ఎవరున్నారో తెలియకుండా లేన్ మధ్యలోకి రావాలంటే గుండె చాలదు. చుక్క వల్ల నాకు ఆ ధైర్యం వచ్చింది. ఇప్పుడు చుక్క పట్టీలో సగం ఎక్కగానే మెడ తిప్పి, నిదానంగా, అవతలి మనిషికి తెలిసేలా వెనక్కి చూస్తాను. దొంగచూపు కాదు, గడ్డం భుజాన్ని తాకేంత వరకు తిరిగే చూపు. నా వీపు మాత్రమే కనబడినంత సేపు నేనొక అడ్డంకిని. ముఖం కనిపించిన క్షణంలో మనిషినవుతాను. దీనికి రుజువులు నా దగ్గర లేవు, నాలుగేళ్ల అనుభవం మాత్రం ఉంది. ముఖం చూశాక వేగం తగ్గించని డ్రైవర్లు లేరని కాదు, చాలా తక్కువ.

ఒక వ్యాను సంగతి చెప్పాలి. నా దారిలో ఒక ఇరుకు వంతెన ఉంది. రెండు పక్కలా మోకాలెత్తు గోడలు, పక్కకు తప్పుకోవడానికి అడుగు జాగా ఉండదు. మొత్తం నూట యాభై మీటర్లు ఉంటుందేమో. పైన నిచ్చెన కట్టుకుని, ఒక దీపం మసకగా వెలిగే తెల్ల వ్యాను ఒకటి దాదాపు రోజూ నాతో పాటే ఆ వంతెన ఎక్కేది. ఎక్కింది మొదలు దిగేదాకా హారన్ మీద చెయ్యి తీసేవాడు కాదు ఆ డ్రైవరు. నేను అంచున గోడకు పెడల్ తగులుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ తొక్కేదాన్ని. వంతెన దిగగానే రెండు చక్రాలు దుమ్ములోకి దింపి మరీ నన్ను దాటి పోయేవాడు.

దీపం వచ్చాక చుక్క నాకు వంతెన కన్నా ముందే కనబడసాగింది. ఒకరోజు వంతెనకు ఇంకా ముప్పై మీటర్లు ఉందనగా వెనక్కి తిరిగి చూశాను. చెయ్యి చాపి అరచేతిని కిందికి చూపిస్తూ, కాస్త నెమ్మది అన్నట్టు రెండుసార్లు ఊపాను. మెల్లగా లేన్ మధ్యలోకి వచ్చాను. హారన్ మోగింది. మోగుతుందని తెలుసు కాబట్టి ఉలిక్కిపడలేదు. వంతెన దాటగానే పక్కకు జరిగి, చెయ్యెత్తి ధన్యవాదాలు చెప్పాను. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి హారన్ ఒక్క కూతకు తగ్గింది. మూడో వారంలో ఒక ఉదయం వెనక్కి తిరిగి చూస్తే, నేను చెయ్యి చాపకముందే వ్యాను వేగం తగ్గించి వెనుక ఉండిపోయింది. దాటేటప్పుడు అతను కిటికీలోంచి రెండు వేళ్లు పైకెత్తాడు, అంతే. ఆ రోజు ఆఫీసులో నా చేతులు వణకలేదు. రెండేళ్ల పాటు ఆ వ్యానుతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత అది ఆ దారిన రావడం మానేసింది.

ఇంకో మంచి విషయం నేను ముందు ఊహించనిది. విద్యుత్ కార్లు నెమ్మదిగా వచ్చేటప్పుడు చెవికి దొరకవు. యూరప్‌లో 2021 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి విద్యుత్ కారూ గంటకు 20 కిలోమీటర్ల వేగం వరకు కృత్రిమ శబ్దం చేయాలని నిబంధన పెట్టింది ఇందుకే. రాడార్‌కు శబ్దంతో పనిలేదు, చుక్క పుడుతుంది.

ఇక రెండో ఏడాది చివర జరిగింది చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు.

సాయంత్రం ఇంటికి వస్తున్నాను. కొద్దిపాటి ఎత్తు, 15 కిలోమీటర్లకు మించని వేగం. వెనుక చుక్క పుట్టింది, పైకి వచ్చింది, సగం దగ్గర ఆగింది, మాయమైంది. పట్టీ ఆకుపచ్చగా మారింది. ఏదో పక్కదారికి మళ్లి ఉంటుందనుకున్నాను. ముందు మ్యాన్‌హోల్ మూత కుంగి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి, పట్టీ ఆకుపచ్చగా ఉందన్న నమ్మకంతో, వెనక్కి చూడకుండానే ఇవతలికి వచ్చాను.

హారన్ నా వెనుక చక్రం మీదే మోగినట్టు అనిపించింది. కారు అద్దం నా మోచేతిని తాకింది. దెబ్బ తగల్లేదు కానీ చొక్కా చేతికి నల్లటి గీత పడింది. కారు నా ముందుకొచ్చి అడ్డంగా ఆగింది. నేను గట్టిగా బ్రేకు వేసి కాలు కింద పెట్టేసరికి గొలుసు జారిపోయింది. డ్రైవరు తలుపు విసురుగా తెరుచుకుని దిగాడు. "వెనుక చూసుకోవా? నీ కోసం ఎంతసేపని మెల్లగా రావాలి?" అంటూ మీదికొచ్చాడు. తర్వాతి మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

నా ఒళ్లంతా మండిపోయింది. అయినా నోరు విప్పలేదు. సైకిల్ ఎత్తుకుని కాలిబాట మీదికి ఎక్కాను, గోడను ఆనుకుని నిలబడ్డాను. టన్నుకు పైగా బరువున్న వాహనం అతని చేతిలో ఉన్నప్పుడు ఏ వాదనా నాకు అనుకూలంగా ముగియదు. కారును చేత్తో కొట్టడం, తర్వాతి సిగ్నల్ దాకా వెంబడించడం నేను చూసిన ప్రతిసారీ గొడవను పెంచాయే తప్ప తగ్గించలేదు. అతను అరిచి అరిచి వెళ్లిపోయాక బండి నంబరు ఫోనులో రాసుకున్నాను. గొలుసు ఎక్కించుకుంటుంటే వేళ్లు మాట వినలేదు.

అతను చేసింది ముమ్మాటికీ తప్పు. కానీ అతని మొదటి ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. నిజంగానే నేను వెనక్కి చూడలేదు. దీపం రాకముందు ఎంత భయపడినా, చూడకుండా ఒక్క అడుగు పక్కకు వేసేదాన్ని కాదు. ఇంటికొచ్చి వాడుక పుస్తకం తిరగేస్తే చిన్న అక్షరాల్లో అంతా ఉంది. రాడార్ పట్టుకునేది వేగాల్లోని తేడాను. పంపిన తరంగం వాహనాన్ని తాకి తిరిగొచ్చేటప్పుడు దాని పౌనఃపున్యం ఎంత మారిందన్నదే దానికి ఆధారం. వెనుక కారు సరిగ్గా నా వేగంతోనే వస్తుంటే ఆ తేడా ఉండదు, చుక్కా ఉండదు. ఆకుపచ్చకు నేను చెప్పుకున్న అర్థం ఎవరూ లేరని. దాని అసలు అర్థం ఎవరూ దగ్గరవడం లేదని. సహనం నశించి తోకకు అంటుకుని వచ్చే డ్రైవరు, అంటే నన్ను అందరికన్నా ఎక్కువ భయపెట్టే మనిషి, దీనికి కనబడడు.

ఆ మర్నాడే హ్యాండిల్ చివర ఒక గుండ్రటి కుంభాకార అద్దం బిగించాను. దీపంతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. అందులో వాహనం ఉన్నదానికన్నా చిన్నగా, దూరంగా కనబడుతుంది. ఆ సంగతి కంటికి అలవాటు కావాలి. కానీ నా వేగంతోనే వచ్చే కారు అందులో స్పష్టంగా ఉంటుంది. పక్కకు కదలాలంటే ఇప్పుడు మూడు చూస్తాను: పట్టీ, అద్దం, ఆఖరున మెడ తిప్పి నా కళ్లతో. మెడ తిప్పడం లేకుండా కదలనే కదలను.

ఆగిన కార్ల తలుపులు హఠాత్తుగా తెరుచుకోవడం, కూడలిలో నన్ను దాటి వెంటనే నా ముందుకు మళ్లడం, ఎదుటి నుంచి తప్పుదారిలో రావడం, వీటి విషయంలో దీపం చేసేదేమీ లేదు. తలుపుల కోసం ఆగిన కార్లకు మీటరున్నర ఎడంగా వెళ్లడమే నేను పాటించే పద్ధతి. ట్రాఫిక్ కిక్కిరిసిన చోట చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, తెర హెచ్చరిక కూత ఆగకుండా మోగుతుంది. అక్కడ శబ్దం ఆపేస్తాను. ఒకసారి దారి మధ్యలో బ్యాటరీ అయిపోయింది. మిగిలిన ఐదు కిలోమీటర్లూ కళ్లకు గంతలు కట్టినట్టు తొక్కాను. అంతగా దాని మీద ఆధారపడ్డానని అప్పుడు తెలిసి, వారానికి ఒకరోజు కావాలనే ఆపేసి వెళ్తున్నాను.

నా మెప్పును ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో చెప్పడానికి ఇంకో మాట. నాకు ఒక చెవి సరిగా వినిపించదు. శబ్దం ఎటునుంచి వస్తోందో మెదడు తేల్చుకునేది రెండు చెవులకూ చేరే శబ్దంలోని తేడాతో. నాకు ఆ వీలు తక్కువ, అందుకే హారన్ ఎప్పుడూ నా నెత్తిమీదే మోగినట్టుండేది. పైగా నా దారిలో సగానికి మించి, వాహనాలు వేగంగా వచ్చే విశాలమైన రోడ్డే. రెండు చెవులూ బాగుండి, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే ఇరుకు వీధుల్లో వెళ్లేవారికి ఇంత డబ్బు పెట్టమని చెప్పలేను. మా చెల్లెలు ఈమధ్యే సైకిల్ మీద పనికి వెళ్లడం మొదలుపెట్టి ఏం కొనాలని అడిగింది. తను వెళ్లేది రద్దీ వీధుల్లో. తనకు అద్దం ఒకటి కొనిచ్చి, రెండు ఆదివారాలు ఖాళీ మైదానంలో, సైకిల్ అటూ ఇటూ పోకుండా మెడ తిప్పి వెనక్కి చూడటం సాధన చేయించాను. నా దీపానికి ఛార్జింగ్ మూత వదులైంది, రబ్బరు పట్టీ ఒకసారి మార్చాను. రేపు ఇది పూర్తిగా పాడైతే నాకోసం మళ్లీ కొంటాను, ఆ వంతెన నా దారిలో ఉన్నంతకాలం.