మాటలు ఆలస్యమైతే ఏది మేలు: ఆగడమా, గడువు పెట్టుకుని గమనించడమా, వెంటనే స్క్రీనింగా?

మా అక్క కొడుక్కు ఏడాదిన్నర నిండినా "అమ్మ" తప్ప మరో మాట రావడం లేదని ఇంట్లో చర్చ మొదలైనప్పుడు, ఆగుదామనే పక్షం వారు చూపించిన సాక్షిని నేనే. "వాడిది మేనమామ పోలిక. వీడూ మూడో ఏడు వచ్చేదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు వసపిట్టలా వాగడం లేదూ?" అని మా అమ్మ గుంటూరులో మా వీధి వీధంతా చెప్పింది. పక్కింటి పెద్దావిడ ఒక వస కొమ్ము కూడా తెచ్చి ఇచ్చారు. అది అరగదీసి నాలుకకు రాస్తే కొందరు పసిపిల్లలకు వాంతులవుతాయని విని ఉన్నందున అక్క దాన్ని అటక మీద పెట్టేసింది. బావ మాత్రం వెంటనే పరీక్ష చేయించాలని పట్టుబట్టారు. మేము రెండు దారులే ఉన్నాయనుకుని వాదించుకున్నాం గానీ నిజానికి ఉన్నవి మూడు: గడువు లేకుండా ఆగడం, గడువు పెట్టుకుని గమనించడం, ఇప్పుడే స్క్రీనింగ్ చేయించడం. మొదటి రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చిక్కంతా అక్కడే వస్తుంది.

ఆగుదామనేవారి మాటలో పస లేదని కొట్టిపారేయలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎవరి సాయమూ లేకుండా నడక మొదలుపెట్టే వయసు సుమారు 8 నెలల నుంచి 17న్నర నెలల వరకూ ఉంటుంది. కనుక ఎదురింటి పాప పదో నెలలో నడిచిందని, పద్నాలుగో నెలలో కూడా గోడ పట్టుకునే తిరుగుతున్న మన పిల్లవాణ్ణి చూసి దిగులుపడనక్కరలేదు. మాటల సంగతీ అంతే. ఆలస్యంగా మొదలుపెట్టి, తరువాత తోటివారిని అందుకునే పిల్లలు చాలామందే ఉంటారు. నెలలు నిండక ముందే పుట్టినవారికైతే రెండేళ్ళ వయసు వరకూ ఆ తక్కువైన వారాలను తీసివేసి లెక్కించాలి: రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు 18వ నెల వచ్చినా 16 నెలల బిడ్డకు తగిన పనులనే ఆశించాలి.

అయితే వీరిలో ఎవరు తమంతట తాము అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ఇంట్లో కూర్చుని చూసి తేల్చలేం. నావంటి సాక్ష్యం బలహీనత కూడా అదే. ఆగి, మాటలు వచ్చిన మేనమామ కథను పదిమందీ చెబుతారు; ఆగి, చివరికి నష్టపోయిన పిల్లవాడి కథను ఏ పెళ్ళిలోనూ ఎవరూ చెప్పుకోరు.

ఆగడంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వినికిడి దగ్గర ఉంది. వెనుక నుంచి చప్పట్లు కొడితే, వంటింట్లో పళ్ళెం కిందపడితే పిల్లవాడు తిరిగి చూశాడు కనుక చెవులు బాగానే ఉన్నాయని చాలా ఇళ్ళలో తీర్మానించేస్తారు. పెద్ద చప్పుడు వినబడుతూనే మాటలోని సన్నని ధ్వనులు వినబడకపోవచ్చు. తరచూ జలుబు చేసి చెవిలో నీరు చేరిన పిల్లలకు కూడా వినికిడి మందగించవచ్చు. ఓఏఈ, అవసరమైతే బెరా అనే పరీక్షలతో ఆ సంగతి తేలుతుంది, వాటికి పిల్లవాడు నోరు విప్పి జవాబు చెప్పవలసిన పని లేదు. కాబట్టి మాటలు ఆలస్యమైన ఏ బిడ్డకైనా వినికిడి పరీక్షను మాత్రం వాయిదా వేయకూడదని నా అభిప్రాయం.

ఇక గడువు పెట్టుకుని గమనించడం. వైద్యుడు ఏమేమి చూడాలో చెప్పి, మళ్ళీ ఏ తేదీన తీసుకురావాలో రాసి పంపితే అది గమనించడం. "వస్తాయిలే అమ్మా, మగపిల్లలకు ఆలస్యమే" అని రెండు నిమిషాల్లో పంపించివేస్తే అది ఆగడమే, ఎంత పెద్ద వైద్యుడు చెప్పినా సరే. మాకు మొదటిసారి ఒక ఆసుపత్రిలో జరిగింది ఇదే. ఫోను చూపించడం మానేసి మూడు నెలలు చూద్దామన్న సలహా కూడా ఒక్కోసారి ఇదే కోవలోకి వస్తుంది. రెండేళ్ళలోపు బిడ్డకు తెర చూపించవద్దని భారత బాలవైద్యుల సంఘమే చెబుతోంది గనుక ఫోను మానడం మంచిదే. కానీ అది పరీక్షకు బదులు కాదు. ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ మాట్లాడడం వల్ల పిల్లవాడు తికమకపడి మాటలు ఆగిపోయాయన్న మాట కూడా నిలవదు.

గమనించడానికి సైతం తావులేని సందర్భాలున్నాయి. ఏడాది నిండినా చేయి ఊపడం, చూపించడం వంటి సైగలు లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, 18 నెలలకు నడవకపోవడం, రెండేళ్ళకు "అమ్మా దా", "నాన్న ఏడీ" అన్నట్టు రెండు మాటలను తానుగా కలిపి అనలేకపోవడం (ఫోనులో విన్న రైమ్స్ వల్లించడం ఈ లెక్కలోకి రాదు), పేరు పెట్టి పిలిస్తే తరచూ పలకకపోవడం. వీటిలో ఏది కనిపించినా అదే వారంలో వైద్యుణ్ణి కలవాలి. అన్నిటికన్నా గట్టి సంకేతం మరొకటుంది: వచ్చిన మాటలు పోవడం, ఊపే చేయి ఊపడం మానేయడం. అది ఏ వయసులో జరిగినా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

వీటిలో సైగల సంగతి మాటల హడావుడిలో మరుగున పడిపోతుంది. నీళ్ళు కావలసినప్పుడు తల్లి చేయి పట్టుకుని లాక్కెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టే పిల్లవాడిని చూసి తెలివైనవాడని మురిసిపోతాం. డాబా మీద కాకి వాలితే దాన్ని చూపుడువేలితో చూపించి, ఆ వెంటనే తల్లి ముఖంలోకి "చూశావా?" అన్నట్టు చూసే పిల్లవాడు చేస్తున్నది వేరే పని. మొదటిది అవసరం తీర్చుకోవడం, రెండోది తాను చూసినదాన్ని మరొకరితో పంచుకోవడం. ఒక్క మాటా లేకపోయినా ఈ రెండో పని చేస్తున్న బిడ్డ విషయంలో కొంత ధైర్యంగా ఉండవచ్చు, పైన చెప్పిన గడువులను మాత్రం దాటనీయకూడదు. నాలుగు మాటలు వచ్చినా ఇది కనబడకపోతే నేనైతే ఆగను.

స్క్రీనింగ్ అంటే వ్యాధి నిర్ధారణ అనుకుని జంకేవారు చాలామంది. అది చేటతో చెరగడం వంటిది. పక్కకు తీసినదాన్ని మళ్ళీ జాగ్రత్తగా చూడాలన్నదే దాని అర్థం. 16 నుంచి 30 నెలల పిల్లలలో ఆటిజం ముప్పును పసిగట్టడానికి వాడే ఎం-చాట్-ఆర్ అనే ఫారంలో తల్లిదండ్రులకు 20 ప్రశ్నలుంటాయి. 0 నుంచి 2 వస్తే ముప్పు తక్కువ, 3 నుంచి 7 వస్తే మరిన్ని ప్రశ్నలు అడగాలి, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరకు పంపాలి. ఎక్కువ మార్కులు వచ్చినా ఆటిజం లేదని తేలే పిల్లలు ఉంటారు, అయితే వారిలోనూ చాలామందికి ఏదో ఒక సాయం అవసరమవుతుంది. రెండేళ్ళలోపు పిల్లల ఎదుగుదలను చూడడానికి కేరళలో తయారైన త్రివేండ్రం చార్టులో 17 అంశాలే ఉంటాయి. అంగన్‌వాడీ కార్యకర్త సైతం కొద్ది నిమిషాల్లో చూడగలిగేలా దాన్ని రూపొందించారు. "పేరు పడుతుంది" అన్న భయం మా ఇంట్లోనూ వచ్చింది గానీ, ఆ కాగితం పిల్లవాడి మెడలో కట్టేదేమీ కాదు.

ఎక్కడ చేయించాలన్నది తరువాతి ప్రశ్న. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూడాలి; ఎదుగుదలలో ఆలస్యం కనబడితే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, ఖర్చు ఉండదు. లోపమల్లా మూడేళ్ళలోపు పిల్లలు రోజూ అంగన్‌వాడీలో కూర్చోరు. బృందం వచ్చిన రోజు తెలియక తప్పిపోతే ఆరు నెలలు గడిచిపోతాయి. కార్యకర్తను అడిగి ఆ తేదీ తెలుసుకోవాలి. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఉన్న ప్రైవేటు క్లినిక్‌లలో తేదీ సులువుగా దొరుకుతుంది గానీ, రద్దీ వల్ల వైద్యుడు తీరిగ్గా చూసే సమయం దొరకదు, అందుకే "స్క్రీనింగ్ ఫారం నింపుతారా?" అని ముందే ఫోనులో అడగడం, పిల్లవాడు ఇంట్లో ఆడుకునే వీడియో ఒకటి తీసుకెళ్ళడం మంచిది. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ వంటి బోధనాసుపత్రులలో రోజంతా పట్టినా, పిల్లల విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం ఒకే ఆవరణలో ఉండడం పెద్ద వెసులుబాటు. థెరపీ ప్యాకేజీలు అమ్మే కేంద్రానికి మొట్టమొదటే వెళ్ళడం మాత్రం నాకు సమ్మతం కాదు. కొలిచేవాడూ అమ్మేవాడూ ఒకడే అయితే తూకం ఎటు మొగ్గుతుందో బజారుకు వెళ్ళేవారికి వేరే చెప్పాలా?

ఏ దిగులూ లేని బిడ్డకు కూడా 9–12 నెలల మధ్య ఒకసారి, 18–24 నెలల మధ్య ఒకసారి స్క్రీనింగ్ చేయాలని బాలవైద్యుల సంఘం సూచిస్తోంది. తట్టు టీకా మొదటి మోతాదు 9 నెలలు నిండాక, రెండోది డీపీటీ బూస్టరుతో కలిపి 16–24 నెలల మధ్య ఇస్తారు. అంటే దాదాపు అదే వయసుల్లో ఎలాగూ టీకాకు వెళతాం, తల్లీబిడ్డల కార్డు చేతిలోనే ఉంటుంది. ప్రత్యేకంగా సెలవు పెట్టి తిరగనక్కరలేదు, నోరు తెరిచి అడగాలి, అంతే.

మా మేనల్లుడికి రెండో వైద్యురాలి దగ్గర ఎం-చాట్‌లో 2 వచ్చింది. కాకిని చూపిస్తాడు, పిలిస్తే పలుకుతాడు. అయినా ఆమె వినికిడి పరీక్షకు పంపారు. అదీ సవ్యంగానే వచ్చింది. వాడు వేలు పెట్టి చూపించినదానికల్లా పేరు చెబుతూ ఉండమని, రెండేళ్ళు నిండగానే ఆ ఫారం మళ్ళీ నింపుదామని చెప్పి తేదీ రాశారు. ఇప్పుడు వాడికి 22 నెలలు. "బువ్వ", "తాత", "కాకి"తో కలిపి ఆరు మాటలు వచ్చాయి, రెండు మాటలు కలపడం ఇంకా రాలేదు. వంటింటి క్యాలెండరులో రెండు నెలల తరువాతి ఒక మంగళవారానికి అక్క ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. మంగళవారం ఏమిటని అమ్మ గొణిగింది గానీ, తేదీ మార్చమని మాత్రం అనలేదు.