ఆకు రంగుల కార్డు: వరి రైతు జేబులో ఉండాల్సిందే, కానీ...

పైపాటు యూరియా (నాట్లు వేశాక పైరు మీద చల్లేది) ఎప్పుడు వేయాలో పక్క చేను చూసి కాకుండా మన చేను చూసి తేల్చుకోవడానికి పనికొచ్చే ప్లాస్టిక్ కార్డు ఇది. వ్యవసాయం వాళ్లు ఎల్‌సీసీ (లీఫ్ కలర్ చార్ట్) అంటారు. లేత పసుపు పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా నాలుగు గళ్లు, పాతవాటిలో ఆరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ జపాన్ కార్డు ఆధారంగా దీన్ని తీర్చిదిద్దింది. బ్యాటరీ లేదు, యాప్ లేదు, నాకు బాగా నచ్చింది అదే.

నాటిన రెండు వారాల నుంచి పూత మొదలయ్యేదాకా వారం పది రోజులకోసారి, మడిలో అక్కడక్కడా పది దుబ్బులు చూసుకుని, తెగులు లేని పై ఆకు, పూర్తిగా విచ్చుకున్నది, దాని మధ్యభాగం గడి మీద పెట్టి చూడాలి. ఆకు తెంపక్కర్లేదు. ఎండ పడకుండా మన నీడలోనే చూడాలి, లేకపోతే రంగు తేలిపోయి కనిపిస్తుంది, అనవసరంగా యూరియా కట్ట విప్పేస్తాం. పదిలో ఆరు ఆకులైనా ఆ వరి రకానికి చెప్పిన గడి కన్నా లేతగా ఉంటేనే యూరియా, లేదంటే ఆగడం. ఈ ఆగడమే కష్టం. గట్టు మీదుగా పోయే ప్రతివాళ్లూ "ఏంటి, ఇంకా చల్లలేదా?" అంటారు, పక్కాయన చేనేమో ముదురు పచ్చగా, నల్లగా నిగనిగలాడుతుంటుంది, మనకు టెన్షన్. ఆ నలుపు చూసి మోసపోవద్దు, యూరియా ఇచ్చే నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి సుడిదోమ, అగ్గితెగులు పిలిచినట్టు వస్తాయి, గాలివానకు పైరు పడిపోతుంది.

పైరు తీసుకోని యూరియా ఊరికే మాయమైపోదు కదా. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత మురుగు కాల్వల్లోంచి చెరువుకు చేరి నాచునూ గుర్రపుడెక్కనూ పెంచుతుంది, ఇంకొంత నైట్రేటుగా మారి బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు ఐదో వంతు ఆ హద్దు దాటాయి. అంతా యూరియా పాపమే కాదులెండి, పేడకుప్పలూ సెప్టిక్ ట్యాంకులూ కూడా ఉన్నాయి.

ఇక తిట్టాల్సినవి. నేను కొన్నచోట కార్డు చేతిలో పెట్టి డబ్బులు తీసుకున్నారే గానీ, ఏ రకానికి ఏ గడి చూడాలో చెప్పిన పాపాన పోలేదు. అన్ని రకాలకూ ఒకే అంకె సరిపోదు, మీ కేవీకేలో (కృషి విజ్ఞాన కేంద్రంలో) అడిగి కార్డు వెనక పెన్నుతో రాసుకోండి. పైగా దీనికి నత్రజని తప్ప ఇంకేం తెలియదు. జింకు, గంధకం లోపించి పసుపెక్కిన పైరుకు కూడా యూరియా వేయమన్నట్టే చూపిస్తుంది. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే కార్డు పక్కన పెట్టి ముందు జింకు సంగతి చూడండి. ఎండలో పడేస్తే రంగులు వెలిసిపోతాయి, కవరులో దాచుకోండి. ఫోన్లో వచ్చిన ఫొటోని ప్రింట్ తీసి వాడదామనుకునేవాళ్లు మాత్రం ఆ పని చేయకండి, ప్రింటరు ఇచ్చే పచ్చ వేరు.