బోర్డు పాతదే, ఆట కొత్తది: విడతలుగా మార్చుకున్న గేమింగ్ కంప్యూటర్, మూడేళ్ల వాడకం

2018 డిసెంబరులో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ నాది. ఏఎండీ రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మరుసటి ఏడాది జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మలను గీసే భాగం) చేరింది. ఇప్పుడు అదే పెట్టెలో రైజెన్ 5 5600, రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగమైన నిల్వ), కొత్త ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మదర్‌బోర్డును కదిలించలేదు. 2021 నుంచి 2023 చివరి దాకా విడతలుగా పెట్టిన ఖర్చు 48,100 రూపాయలు. అదే స్థాయి కంప్యూటర్‌ను మొత్తంగా కొత్తగా కొంటే 75 వేలకు తక్కువ కాదని అప్పట్లో నాకు చెప్పారు.

ఉండేది విజయవాడలో, ఏసీ లేని గదిలో. ఆడేది రోజుకు రెండు మూడు గంటలు. ఇది ముఖ్యం, ఎందుకంటే కొన్న వారానికే రాసే సమీక్షల్లో మే నెల కనిపించదు.

మొదట మార్చాలనుకున్నది గ్రాఫిక్స్ కార్డునే. కానీ అది 2021. ఒకవైపు చిప్పుల కొరత, మరోవైపు క్రిప్టో మైనింగ్, అంటే డిజిటల్ నాణేల సంపాదన కోసం గ్రాఫిక్స్ కార్డులను నడపడం. నేను 2019లో కొన్న 1050 టీఐ అప్పటికి పాతబడినా, నేను పెట్టిన ధర కన్నా ఎక్కువకే అమ్ముడవుతోంది. చేతిలో ఉన్న ఎనిమిది వేలతో కార్డు రాదు. సరే, మిగతావి చూద్దామనుకుని 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 5,000కు, ఇంకో 8 జీబీ ర్యామ్ 2,900కు తీసుకున్నాను. అయిష్టంగా చేసిన ఈ ఖర్చే మొత్తం ప్రయాణంలో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది.

ఎస్‌ఎస్‌డీ పెడితే ఫ్రేములు (ఆటలో సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మల సంఖ్య) పెరగవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పెరిగేది ఓపిక అవసరం లేని జీవితం. విండోస్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది, పదిహేను సెకన్లకు వచ్చింది. జీటీఏ 5లో వేగంగా బండి నడుపుతుంటే రోడ్డు ఆలస్యంగా ప్రత్యక్షమయ్యే బాధ పోయింది. ఇప్పుడు ఇది సౌకర్యం కూడా కాదు, అవసరం: సైబర్‌పంక్ 2077 ఆటకు 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో కనీస అవసరాల జాబితాలోకే ఎస్‌ఎస్‌డీ చేరింది. మీ కంప్యూటర్ ఇంకా హార్డ్ డిస్క్ మీద నడుస్తుంటే మొదటి రూపాయి దీనికే పెట్టండి. నా పాత డిస్క్ ఇప్పుడు ఫొటోలకూ సినిమాలకూ గోదాములా పనిచేస్తోంది.

ర్యామ్ విషయంలో రెండు సంగతులు కలిశాయి. ఒకటే స్టిక్ ఉంటే మెమొరీ ఒక చానల్లోనే పనిచేస్తుంది. రెండోది చేరగానే ప్రాసెసర్‌కు దారి రెట్టింపు వెడల్పవుతుంది. పైగా నా ర్యామ్ పెట్టె మీద వేగం 3000 అని ఉన్నా, రెండున్నరేళ్లుగా అది 2133 దగ్గరే నడుస్తోందని అప్పుడే చూశాను. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ అనే ఒక్క అమరికను ఆన్ చేస్తే చాలు. పైసా ఖర్చు లేదు. ఇది చదువుతున్నవారు టాస్క్ మేనేజర్ తెరిచి మెమొరీ వేగం ఎంతో ఒకసారి చూసుకోండి. పెట్టె మీద ఉన్న అంకె కన్నా తక్కువ కనిపిస్తే, మీరు డబ్బు పెట్టి కొన్న వేగంలో కొంత ఇంకా మీకు అందలేదన్నమాట.

ఇక కార్డు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో దాన్ని మైనింగ్ చేసే పని ముగిసింది, ధరలు దిగాయి. మైనింగ్‌లో వాడిన కార్డులు పాత సరుకుగా చవకగా దొరికాయి కానీ, బిల్లూ వారంటీ లేని వస్తువుకు పదిహేను వేలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. 2023 జనవరిలో సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పూటంతా తిరిగి, కొత్త ఆర్‌ఎక్స్ 6600ను 23,500కు కొన్నాను. ఆ ధర చుట్టుపక్కల, ఏఎండీకి పోటీ అయిన ఎన్‌విడియా వైపు దొరికేది ఆర్‌టీఎక్స్ 3050. ఆటల్లో 6600 దానికన్నా స్పష్టంగా ముందుంటుంది. ఇంకా తక్కువలో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఉంది కానీ, దానికి 4 జీబీ మెమొరీ, నాలుగే పీసీఐ లేన్లు, అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు. నా బోర్డు లాంటి మూడో తరం పీసీఐ బోర్డుల్లో ఆ నాలుగు లేన్లు పెద్ద ఇరుకు. 6600కు ఎనిమిది లేన్లు కాబట్టి పాత బోర్డులో కూడా నాకు తేడా తెలియలేదు.

ఇంటికొచ్చి కార్డు పెట్టిన మూడో రోజు, ఆట మధ్యలో కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోయింది. నీలి తెర లేదు, హెచ్చరిక లేదు. కరెంటు పోయిందేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాలుగైదుసార్లు అలాగే జరిగాక క్యాబినెట్ తలుపు తీశాను. నా పాత ఎస్‌ఎంపీఎస్‌కు 8 పిన్ల గ్రాఫిక్స్ వైరు లేదు. రెండు పాత మోలెక్స్ వైర్లను కలిపి 8 పిన్లుగా మార్చే అడాప్టర్ తగిలించి పని కానిచ్చాను. ఆ మోలెక్స్ కనెక్టర్ ప్లాస్టిక్ ఒక అంచున గోధుమ రంగుకు మారి ఉంది. చేయి పెడితే వేడి.

అప్పుడు ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న చీటీని మొదటిసారి పూర్తిగా చదివాను. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరుసలో 16 ఆంపియర్లు అని ఉంది. 12ను 16తో హెచ్చిస్తే 192. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కరెంటు తీసుకునేది ప్రధానంగా ఆ 12 వోల్టుల నుంచే. 6600 ఒక్కటే 132 వాట్ల కార్డు. దానికి ప్రాసెసర్ 65 వాట్లు కలిపితేనే 197, ఫ్యాన్లూ డిస్కులూ ఇంకా లెక్కలోకి రాలేదు. 1050 టీఐతో నాలుగేళ్లు ఏ ఇబ్బందీ రాకపోవడానికి కారణం, అది 75 వాట్లకు మించని కార్డు, ఆ కరెంటును బోర్డు స్లాటు నుంచే తీసుకునేది, విడిగా వైరే అక్కరలేదు. మరునాడే 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ 4,300కు తెచ్చాను. దాని చీటీలో 12 వోల్టుల వరుసలో 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పేవి మాత్రమే, లోపలి నాణ్యతకు అవి హామీ కావు. కాబట్టి ముద్రతో పాటు 12 వోల్టుల ఆంపియర్లూ వారంటీ ఏళ్లూ చూడాలి. కార్డు కొనేవారు ఎస్‌ఎంపీఎస్ ధరను కార్డు ధరలోనే కలిపి లెక్కవేసుకోవాలని గట్టిగా చెబుతాను. ఇది ఎవరికీ కనిపించని భాగం, అందుకే అందరూ మిగిల్చుకునేది ఇక్కడే.

కరెంటు సమస్య తీరాక అసలు నిరాశ మొదలైంది. ఇరవై మూడు వేల కార్డు పెట్టినా సైబర్‌పంక్ 40 ఫ్రేముల దగ్గర కుదుపులతో నడిచింది. గ్రాఫిక్స్ సెట్టింగ్‌లు తగ్గించాను, అవే 40. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఆట తెర మూలన అంకెలు కనిపించేలా చేసుకుంటే సంగతి తెలిసింది: కార్డు వాడకం 55 నుంచి 60 శాతం, ప్రాసెసర్ నాలుగు కోర్లూ 100. కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. 2200జీ నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్ల (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ప్రాసెసర్, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమొరీ) 4 ఎంబీ. జనం, వాహనాలు నిండిన నగరాన్ని నడిపించడం దానికి తలకు మించిన పని.

ఏది కొనాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఏ భాగం కొనబోయే ముందైనా ఈ పరీక్ష చేయండి. ఎక్కువగా ఆడే ఆటలో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డు కార్డు. ఏమీ పెరగకపోతే అడ్డు ప్రాసెసర్, అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ప్రయోజనం అంతంత మాత్రమే. ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేయడం) కూడా అక్కడ ఆదుకోదు, ఎందుకంటే అది తగ్గించేది కార్డు భారాన్నే. నేను ఈ పరీక్షను జనవరికి ముందే చేసి ఉంటే కార్డూ ప్రాసెసరూ ఒకే ఏడాదిలో అవసరమని ముందే తెలిసేది, డబ్బు అలా సర్దుకునేవాడిని. తెలియక పది నెలలు కుదుపులతోనే ఆడాను.

2023 నవంబరులో రైజెన్ 5 5600 కొన్నాను, 12,400. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ క్యాష్. 2018 నాటి బోర్డులో 2022లో విడుదలైన ప్రాసెసర్ కూర్చోవడం ఏఎం4 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) గొప్పతనం, దానికి ఏఎండీని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. బోర్డూ ర్యామూ మార్చక్కరలేదంటే నాలాంటివాడికి అది పదిహేను వేల పొదుపు.

మార్చేటప్పుడు మాత్రం వరుస తప్పకూడదు. బయాస్‌ను పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేయాలి. ముందే కొత్తది పెట్టేస్తే పాత బయాస్ దాన్ని గుర్తించదు, తెర నల్లగానే ఉంటుంది. అప్‌డేట్ జరిగే ఆ నాలుగైదు నిమిషాలు కరెంటు పోతే బోర్డే పాడయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు. రెండో జాగ్రత్త కూలర్ తీసేటప్పుడు. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఐదేళ్లు ఎండిన థర్మల్ పేస్టు జిగురులా పట్టేస్తుంది. ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి కాబట్టి, కూలర్‌ను నిటారుగా లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి రావచ్చు. నాకు అలాగే ఊడి వచ్చింది. అదృష్టం, పిన్నులు వంగలేదు. ముందు ఒక అరగంట ఆట ఆడి పేస్టును వేడెక్కనిచ్చి, కంప్యూటర్‌ను ఆపి, వైరు తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తీయాలి.

ఆ సాయంత్రం సైబర్‌పంక్ అవే సెట్టింగ్‌లలో 65 నుంచి 75 మధ్య నడిచింది. కార్డు వాడకం 99 శాతం. కౌంటర్ స్ట్రైక్ 2లో 80 దగ్గర తడబడిన ఫ్రేములు 180 దాటాయి. సగటు పెరగడం కన్నా నాకు ఎక్కువ ఆనందమిచ్చింది కుదుపులు పోవడం. కార్డు కొన్న పది నెలలకు దాని అసలు బలం చూశాను.

ఇక ఎండాకాలం. డిసెంబరులో 62 డిగ్రీల దగ్గర ఉండే కార్డు, మే మధ్యాహ్నాల్లో 75 దాటుతుంది. ఫ్యాన్ల శబ్దం పక్క గదికి వినిపిస్తుంది. రెండు పనులు చేశాను. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో కార్డు వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ప్రతిసారీ గంట ఆడి చూసి, తడబడని చోట ఆపాను. ఫ్రేములకు 75 వద్ద పరిమితి పెట్టాను. వేడి ఆరేడు డిగ్రీలు తగ్గింది, ఆటలో ఏ లోటూ కనిపించలేదు. ముందువైపు జాలీని నెలకోసారి కుంచెతో దులపాలి. మా వీధి దుమ్ముకు మూడు నెలలు వదిలేస్తే జాలీ కనిపించదు, బొంత కనిపిస్తుంది.

యూపీఎస్‌కు కూడా లెక్క ఉంది. 600 వీఏ అని రాసిన నా యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. 1050 టీఐ రోజుల్లో కరెంటు పోయినా నిదానంగా సేవ్ చేసుకునేవాడిని. ఇప్పుడు ఆట నడుస్తుండగా పోతే రెండు నిమిషాలకే కేకలు పెడుతుంది. ఆపుకోవడానికి సరిపోతుంది, ఆడటానికి కాదు.

6600 లోటుపాట్లు కూడా చెప్పాలి. వెలుగునీడలను సహజంగా చూపే రే ట్రేసింగ్‌లో ఇది బలహీనం. ఆన్ చేస్తే ఫ్రేములు సగానికి పడిపోతాయి, అందుకే ఆపేసి ఆడతాను. కానీ ఆ సదుపాయం హార్డ్‌వేర్‌లో ఉండటమే కొన్ని కొత్త ఆటలకు ప్రవేశ టికెట్టు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు కనీస అవసరాల్లో ఏఎండీ వైపు రాసింది ఈ కార్డునే. 1050 టీఐతో అది మొదలే కాదు. 8 జీబీ మెమొరీ 1080 రిజల్యూషన్‌కు ఇప్పటికి చాలుతోంది, టెక్స్‌చర్లను (వస్తువుల ఉపరితలాన్ని చూపే బొమ్మలు) మాత్రం అన్నిటికన్నా పై మెట్టులో పెట్టను. బ్లెండర్ లాంటి 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో సంపాదించుకునేవారు దీన్ని కొనవద్దు, వారికి ఎన్‌విడియా కార్డే మేలు. 1080లో ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీ పెట్టినా లోపల గీసేది 720 బొమ్మనే కాబట్టి దూరపు చెట్లూ వైర్లూ మసకగా కనిపిస్తాయి. నాకు నచ్చలేదు.

పాత 1050 టీఐ మా తమ్ముడికి వెళ్లింది. ఏడేళ్ల కార్డు, ఇప్పటికీ వాలరెంట్ చక్కగా ఆడుతున్నాడు. “అన్నయ్యా, నేనూ 6600 కొననా?” అని అడిగితే ముందు 720 పరీక్ష చేయమన్నాను. వాడి అడ్డు కార్డే అని తేలింది. అయినా వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది, వాడు ఆడేది ఆ ఒక్క ఆట. 60కి మించిన ఫ్రేములు ఆ తెర మీద ఎలాగూ పూర్తిగా కనిపించవు. డబ్బు దాచుకోమని చెప్పాను.

కొందరు నన్ను 5700ఎక్స్3డీకి మారమంటున్నారు. 96 ఎంబీ క్యాష్ ఉన్న మంచి ప్రాసెసరే. కానీ నేను ఆడే పెద్ద ఆటలన్నిటిలో ఇప్పుడు కార్డు 99 శాతం, ప్రాసెసర్ 50 దగ్గర ఉంటున్నాయి. అది నాకు వేగం ఇచ్చే చోటు కాదు. 2025 చివరి నెలల్లో మెమొరీ ధరలు ఎగబాకాక డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డుకు మారే ఆలోచనా మానుకున్నాను. తర్వాతి విడత డబ్బు కార్డుకే, బహుశా 12 లేదా 16 జీబీది. ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన రెండో 8 పిన్ల వైరు ఇంకా వాడకుండా దాని సంచీలోనే ఉంది.