ట్రాన్స్‌ప్లాంటా, ప్యాచా? సర్వీసు నుంచి వచ్చినవాళ్లకు ఏది మేలు?

మా అన్నయ్య ప్యాచ్ (జిగురుతో తలకు అతికించుకునే విగ్గు లాంటిది) పెట్టించుకున్నప్పటి నుంచి, సైన్యంలో అతనితో పనిచేసి రిటైరైనవాళ్లు నన్ను అడిగేది ఒకటే: జుట్టు నాటించుకోవాలా, ప్యాచ్ పెట్టించుకోవాలా అని. అందరూ ఖర్చు దగ్గర మొదలుపెడతారు. నేనైతే ముందు జుట్టు ఎందుకు పోయిందో తేల్చుకోమంటాను, ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది.

వంశపారంపర్యంగా వచ్చిన బట్టతలైతే (హెల్మెట్ వల్లే వచ్చిందని చాలామంది అంటారు గానీ దాని తప్పేం లేదు) ట్రాన్స్‌ప్లాంట్ మంచి దారే. తల వెనక ఉండే వెంట్రుకలు బట్టతల తెచ్చే డీహెచ్‌టీ హార్మోనుకు అంత త్వరగా లొంగవు, ముందుకు తెచ్చి నాటినా ఆ గుణం పోదు. అయితే నాటినవాటిలో చాలావరకు మొదటి నెల, నెలన్నరలో రాలిపోతాయి, మళ్లీ మూడు నాలుగు నెలలకు మొలవడం మొదలై, పూర్తి రూపం రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. జుట్టు పొట్టిగా కొట్టించుకునే అలవాటు పోనివాళ్లు చర్మాన్ని పట్టీలా కోసి తీసే పద్ధతి జోలికి వెళ్లకండి, వెనక గీతలా మచ్చ కనిపిస్తుంది. కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటే ఎఫ్‌యూఈ పద్ధతిలో చుక్కల్లాంటి మచ్చలే మిగులుతాయి.

కాలిన గాయమో, పేలుడులో తగిలిన దెబ్బో అయితే మాత్రం లెక్క మారిపోతుంది. మచ్చకట్టిన చర్మంలో రక్తప్రసరణ తక్కువ కాబట్టి నాటినవన్నీ బతకవు, ముందు కొన్ని నాటి చూసి, నెలల తరబడి ఆగి, అప్పుడు మిగతావి నాటాలి. పేనుకొరుకుడు ఇంకా వ్యాపిస్తుంటే నాటించుకోవడం దండగ.

ఇంకొకటి, దీన్ని డాక్టర్లు అడక్కపోతే మీరే చెప్పాలి. ఎఫ్‌యూఈలో గంటల తరబడి బోర్లా పడుకోవాలి, వెనక ఎవరో సూదులతో పనిచేస్తుంటారు, మీకు కనిపించదు. వెనక చిన్న చప్పుడైతే ఉలిక్కిపడే స్థితిలో ఇంటికొచ్చిన మనిషికి అది చిన్న విషయం కాదు.

అందుకే మచ్చలున్నవాళ్లకు, మనసు ఇంకా కుదుటపడనివాళ్లకు నా ఓటు ప్యాచ్‌కే. వెళ్లిన రోజే జుట్టుతో బయటికొస్తారు, నచ్చకపోతే తీసేయొచ్చు. అన్నయ్య ఇప్పుడు ఇంట్లోనే అద్దం ముందు కూర్చుని పెట్టుకుంటాడు: చర్మం స్పిరిట్‌తో తుడిచి, జిగురు పల్చగా రాసి, అది కాస్త ఆరి వేలికి అతుక్కునేలా అయ్యాక నుదుటి దగ్గర అంచు సరిచూసి వెనక్కి నొక్కుకుంటూ వెళ్తాడు. తన తల తన చేతిలోనే ఉంటుంది. మనిషికి ధైర్యం వచ్చింది అక్కడేనని నేను గట్టిగా నమ్ముతాను. కష్టమూ ఉంది: కొన్ని వారాలకోసారి తీసి శుభ్రం చేయాలి, చెమట ఎక్కువైతే అంచులు లేస్తాయి, పల్చటి లేసు రకాలు కొన్ని నెలలకే పాడవుతాయి. మచ్చ ఉన్నచోట జిగురు పడుతుందో లేదో ముందు కొంచెం రాసి చూసుకోవాలి, పుండు పూర్తిగా మానకపోతే అసలు పెట్టకూడదు.

మిగతావి క్లుప్తంగా. తలకు రాసుకునే మినాక్సిడిల్ మందు పల్చబడుతున్న జుట్టుకు పనిచేస్తుంది, మానేస్తే వచ్చింది పోతుంది. తలమీద చుక్కలు పొడిచే మైక్రోపిగ్మెంటేషన్ గుండు కొట్టించుకున్న రూపం నచ్చేవాళ్లకు సరిపోతుంది.

ఇక ఇంటికొచ్చిన రెండు మూడు నెలలకు తలంతా ఒకేలా, దువ్వెన నిండా రాలుతుంటే ఇవేవీ వద్దు. పెద్ద జ్వరం, ఆపరేషన్, తీవ్రమైన టెన్షన్ తర్వాత అలా అవుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తిరిగొస్తుంది. చర్మ డాక్టరుకు ఒకసారి చూపించుకుని ఆగండి.